కోహిమా కొండ మీద మనవాళ్ళు

కోహిమాలో గారిసన్ హిల్ ఎక్కడానికి పెద్ద ఓపిక అక్కర్లేదు. ఊరి నడిబొడ్డున, బండ్ల హారన్లు వినబడుతుండగానే మెట్లు మొదలవుతాయి. అంతస్తులు అంతస్తులుగా పచ్చిక, పచ్చికలో వరసలుగా సమాధులు. చిన్న రాళ్ళు, వాటి మీద కంచు పలకలు. పేరు, రెజిమెంటు, వయసు. వయసులు చదవడం మొదలుపెట్టాక నడక దానంతటదే నెమ్మదించింది.

1944 ఏప్రిల్‌లో జపాన్ సైన్యం ఈ కొండని చుట్టుముట్టింది. దిమాపూర్ నుంచి ఇంఫాల్ వెళ్ళే రోడ్డు దీని పక్కనుంచే పోతుంది మరి. డిప్యూటీ కమిషనర్ బంగళా టెన్నిస్ కోర్టుకి అటు వాళ్ళు, ఇటు వీళ్ళు. మధ్యలో గ్రెనేడ్లు. బంగళా మిగల్లేదు. కోర్టు ఎక్కడుండేదో తెలియడానికి దాని గీతల్ని మాత్రం కాంక్రీటుతో గుర్తుపెట్టి ఉంచారు.

ఇక్కడ 1,420 సమాధులున్నాయి. దహనం చేసిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల కోసం వేరే స్మారకం ఉంది. దాని ముందు నేనేం చేశానో ఒప్పుకోవాలి. రావులు, నాయుళ్ళు, రెడ్లు ఎవరైనా ఉన్నారా అని వెతికాను.

"మీవాళ్ళు దొరికారా?" అంది నాతో వచ్చిన స్నేహితురాలు. తనది కోహిమానే.

మనవాళ్ళంటే ఎవరు? ఈ ఇంఫాల్-కోహిమా రంగంలోనే బ్రిటిష్ యూనిఫాంలో భారతీయులున్నారు, జపాన్ పక్షాన ఆజాద్ హింద్ ఫౌజ్‌లోనూ భారతీయులున్నారు. దేశం పేరు చెప్పుకున్నా లెక్క తేలదు.

తను ఎదురుగా ఉన్న పాత ఊరి వాలు చూపించింది. "మా అమ్మమ్మ వాళ్ళు అప్పుడు అడవిలో దాక్కున్నారు. తిరిగొచ్చేసరికి ఇల్లు లేదు, గాదెలో ధాన్యం లేదు."

జపాన్ సైనికులకి వెనకనుంచి సరఫరా అందలేదు. ఆకలికి ఊళ్ళ మీద పడ్డారు. బ్రిటిష్ సైన్యానికి దారులు చూపించి, బరువులు మోసి, గాయపడినవాళ్ళని కొండలు దింపింది నాగాలే. ఊళ్ళు తగలబడ్డది రెండు సైన్యాల మధ్యా. గాదె ఖాళీ అయిన ఇంటికి కంచు పలక ఉండదు.

సైనిక శ్మశానం సైనికుల్నే లెక్కపెడుతుంది, అది దాని పని. ఆ మాటకొస్తే నేను మాత్రం చేసిందేమిటి? నా భాషవాళ్ళని లెక్కపెట్టబోయాను. దుఃఖం దగ్గరివాళ్ళతోనే మొదలవుతుంది, అందులో తప్పు లేదనుకుంటా. మనవాళ్ళ పేర్లు వెతకడం అయిపోగానే కొండ చూడ్డం అయిపోయిందనుకోవడం దగ్గరే తప్పు మొదలవుతుంది. నేను అప్పటికే మెట్ల వైపు తిరిగాను. తను ఆ మాట అనకపోతే దిగిపోయేవాణ్ణి.

ఆ కొండ మీద అన్ని పేర్లు చదివానా, పక్కనున్న మనిషి వాళ్ళ అమ్మమ్మ పేరు ఇంకా అడగలేదని సగం దారిలో గుర్తొచ్చింది. అడిగాను. రెండుసార్లు చెప్పించుకుంటే గానీ నా నోరు తిరగలేదు.