లెక్కలు రాకపోవడం నేరమా?

"మా గుంటకి లెక్కలు పడవండీ, అందుకే బై.పి.సి.లో ఏసేశాం."

పదో తరగతి ఫలితాలు వచ్చాక శ్రీకాకుళంలోగానీ, విజయనగరంలోగానీ ఏ వీధి అరుగు మీద కూర్చున్నా ఈ మాట వినిపిస్తుంది. పిల్లకి లెక్కల పీడ వదిలిందని పెద్దవాళ్ళకి అదో నిశ్చింత.

వదలదండీ! ఆ గ్రూపులో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రంతోపాటు ఫిజిక్సు కూడా ఉంది. పుస్తకం అట్ట నలగకముందే వెక్టర్లు ఎదురొస్తాయి. ఎం.పి.సి. పిల్లలకి వాటిని లెక్కల క్లాసులో కూడా విడమరిచి చెబుతారు. ఈ పిల్లకి ఆ క్లాసే లేదు. ఏడాది తిరిగేసరికి "దీనికి బుర్ర లేదు" అని తీర్పు! నిచ్చెన తీసేసి, అటక ఎక్కలేదని కోప్పడటం ఏం న్యాయం? ఓదార్పు కోసం చెప్పినా, "అక్కడ లెక్కలుండవులే" అన్నది అబద్ధమే కదా.

ఇంతకీ ఆ నిచ్చెన పొడుగెంత? నేను ఆర్ట్సు చదివినదాన్ని. అయినా పుస్తకం తిరగేస్తే కనిపించేవి ఇవే: నిష్పత్తులు, పదుల ఘాతాలు, సమీకరణంలో కావలసిన అక్షరాన్ని ఒక పక్కకి తెచ్చుకోవడం, గ్రాఫు వాలు చూసి వేగం చెప్పడం, సైన్, కొసైన్‌లు. చాలామటుకు పదో తరగతిలోపు విన్నవే.

వెక్టరంటే కూడా బెదిరిపోనక్కర్లేదు. నాగావళి దాటించే పడవవాడు ముక్కుని సూటిగా అవతలి రేవుకి పెట్టడు. ప్రవాహం దిగువకి లాగుతుందని తెలుసు గనక కాస్త ఎగువకి పెడతాడు. నీటి వేగం గంటకి 3 కిలోమీటర్లు, పడవ వేగం 5 అనుకోండి. తిన్నగా అవతలి ఒడ్డుకి సాగేది 4. బడిలో చదివిన పైథాగరస్ సూత్రమే! పడవవాడికి అది అనుభవం. కాగితం మీద రెండు బాణాలు గీస్తే వెక్టర్ల కూడిక.

1930లో నోబెల్ బహుమతి అందుకున్న సి.వి. రామన్ చిన్నతనం మన పక్కనున్న విశాఖపట్నంలో గడిచింది. ఆయన తండ్రి అక్కడి కాలేజీలో లెక్కలూ, ఫిజిక్సూ చెప్పే లెక్చరరు. ఆయన ప్రతిభని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. కొందరికి నిచ్చెన ఇంట్లోనే ఉంటుంది, అంతే. ఆటో నడిపే నాన్న కూతురికి ఆ నిచ్చెన ఎవరు వెయ్యాలి? అక్కడ చదువు చెబుతామని చేర్చుకున్నవాళ్ళే వెయ్యాలి. అది దయ కాదు, బాకీ.

పాఠం మొదలెట్టే ముందు ఒక్క నెల చాలు. "నీకు లెక్కలు రావు" అనే బదులు, "ఎక్కడిదాకా వచ్చమ్మా?" అని అడిగి చూడండి. పిల్ల చెబుతుంది. అక్కణ్ణించే మొదలుపెట్టండి.