పట్టపుటేనుగు పూలదండ

మొన్న శనివారం సాయంత్రం మా అమ్మాయితో కూర్చుని ‘ది ప్రిన్సెస్ డైరీస్’ చూశాను. 2001లో వచ్చిన సినిమా. శాన్‌ఫ్రాన్సిస్కోలో మియా అని పదిహేనేళ్ళ పిల్ల. బడిలో ఎవరూ పట్టించుకోరు. ఓ రోజు నాయనమ్మ ఊడిపడి, నువ్వు జెనోవియా అనే రాజ్యానికి వారసురాలివి అని చెబుతుంది. ఇక నడవడం, కూర్చోవడం, ఫోర్కు పట్టుకోవడం అన్నీ మొదట్నుంచీ నేర్పుతారు. మధ్యలో ఓ చిన్న ప్రేమ. హాయిగా నవ్వుకునే సినిమా.

అయిపోయాక మా అమ్మాయి అడిగింది. “నాన్నా, ఇంతకీ ఆ అమ్మాయి ఏం చేసిందని రాజ్యం ఇచ్చారు?”

“ఏమీ చెయ్యలేదమ్మా. ఆ ఇంట్లో పుట్టింది, అంతే.”

“అన్యాయం కదా!”

నాకు హుషారొచ్చింది. మన ‘పాతాళభైరవి’ ఎత్తుకున్నాను. 1951 నాటి మన తోటరాముడు రాజుగారి తోటలో పెరిగిన కుర్రాడు. రాకుమారిని ప్రేమించాడు. నాతో సమానమైన సంపద తెచ్చుకో అన్నాడు రాజు. తెచ్చుకున్నాడు. “చూశావా, మనవాళ్ళు సాహసం చేసి సంపాదిస్తారు” అన్నాను గొప్పగా.

“ఎలా తెచ్చాడు?”

చెప్పడం మొదలెట్టాక నాకే అనుమానమొచ్చింది. బలివ్వడానికి ధైర్యవంతుడు కావాలని మాంత్రికుడు వెతుక్కుంటూ వచ్చాడు కాబట్టి కదా రాముడు ఆ గుహ దాకా వెళ్ళింది! మాంత్రికుడు పక్క ఊరికి వెళ్ళి ఉంటే?

చిన్నప్పుడు మా బామ్మ చెప్పిన కథ గుర్తొచ్చింది. రాజు వారసుడు లేకుండా పోతాడు. పట్టపుటేనుగు తొండానికి పూలదండ ఇచ్చి ఊళ్ళోకి వదులుతారు. అది ఎవరి మెడలో వేస్తే వాడే రాజు. బిచ్చగాడైనా సరే.

నా మెడలో ఆ దండ 2008 ఏప్రిల్‌లో పడింది. ఆ ఏడాది హెచ్1బి వీసాలు 65,000, ఇక్కడ మాస్టర్స్ చేసినవాళ్ళకి విడిగా ఇంకో 20,000. దరఖాస్తులు 1,60,000 పైనే. కంప్యూటర్ లాటరీ తీసింది. నాకొచ్చింది. నా రూమ్మేటుకి రాలేదు. మాస్టర్స్‌లో నా ప్రోగ్రాముల్లో తప్పులు సగం దిద్దింది అతనే. సామాను రెండు పెట్టెల్లో సర్దుకుని వెళ్ళిపోయాడు. ఎయిర్‌పోర్టులో దింపింది నేనే. పదిహేడేళ్ళు దాటింది. కంప్యూటర్ సైన్సు చదివినవాణ్ణి, అది వట్టి ర్యాండమ్ నంబరని నాకంటే ఎవరికి తెలుసు? అయినా ఊరెళ్ళినప్పుడల్లా మా బడిలో పిల్లలకి “కష్టపడితే ఎవరైనా పైకి రావచ్చు” అని ఉపన్యాసం ఇచ్చి వస్తున్నాను. అతను కష్టపడలేదా?

ఇదంతా చెప్పి, “నువ్వూ మియావేనమ్మా” అన్నాను. నేనింకా గ్రీన్‌కార్డు వరుసలో నిలబడే ఉన్నాను. తను మాత్రం ఈ దేశంలో కళ్ళు తెరుస్తూనే పౌరురాలైంది. 1868 నాటి పద్నాలుగో సవరణ పుణ్యం.

పిల్ల కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అయితే వెనక్కిచ్చెయ్యాలా?” అంది.

మంచి ప్రశ్నే. నేను దండ తీసి పారేసినా అది నడుచుకుంటూ వెళ్ళి నా మిత్రుడి మెడలో పడదు. అయాచితంగా వచ్చింది కాబట్టి అనుభవించడం పాపమని నేననుకోను. దాన్ని నా గొప్పతనం కింద లెక్క రాసుకోవడమే తప్పు. ఆ లెక్క ఒక్కసారి రాసుకున్నామా, దండ పడనివాళ్ళు మనకి చేతకానివాళ్ళలా కనిపించడం మొదలవుతుంది. ఆఫీసులో రెజ్యూమెలు వడపోసే పని నాక్కూడా పడుతుంది. మధ్యలో ఖాళీ ఏళ్ళు కనిపిస్తే పక్కన పెట్టేవాణ్ణి. నా మిత్రుడి రెజ్యూమెలోనూ అలాంటి ఖాళీ ఒకటి ఉంటుందని ఏనాడూ తట్టలేదు.

2004లో వచ్చిన రెండో భాగంలో, ముప్ఫై రోజుల్లో పెళ్ళి చేసుకుంటేనే కిరీటం అంటారు మియాతో. ప్రేమ లేని పెళ్ళి పీటల దాకా వెళ్ళి, ఆగిపోయి, ఆ చట్టాన్నే మార్పిస్తుంది. సింహాసనం పుట్టుకతో వచ్చిందే. చట్టం మార్చడం మాత్రం తను చేసిన పని. తర్వాత వచ్చే రాణులకి ఆ ముడి ఉండదు.

ఈసారి ఊరెళ్ళినప్పుడు బడి పిల్లలకి చదువు గురించి చెప్పాక, ఏనుగు గురించి కూడా చెప్పాలి.