క్షయము ఎవరిది?

జంగారెడ్డిగూడెము ప్రాంతమునుండి శివరాత్రికి భీమవరము పోవువారు, గునుపూడి సోమారామమున చంద్రుడు ప్రతిష్ఠించెనని చెప్పు లింగము పౌర్ణమికి ధవళముగను, అమావాస్యకు వన్నె మాసినట్లును కనిపించునందురు. దక్షశాపముచే క్షీణించి, శివానుగ్రహముచే వృద్ధినొందు సోముని కథకు అది సాక్ష్యమని వారి విశ్వాసము.

చంద్రునకు స్వయంప్రకాశము లేదని, సూర్యకాంతియే వానిని వెలిగించునని క్రీ.శ. 499 నాటి ఆర్యభటుడు ఏనాడో తేల్చినాడు. సూర్యాభిముఖమైన సగము సదా వెలుగుచునే యుండగా, సుమారు 29½ రోజుల చాంద్రమాసములో మనకగపడు పాలు మాత్రమే మారును. భూచ్ఛాయ గ్రహణమునకే గాని కళలకు కారణము గాదు.

మరి క్షయము చంద్రునిదా, చూచువానిదా? చూచువానిదేనని చెప్ప అద్వైతి వెంటనే ఉత్సాహపడును; నాకంత తొందర లేదు. ఏలయన, శాపకథను నమ్ముచునే, సూర్యచంద్రుల ఎడము 120 భాగలు దాటినపుడు వచ్చు శుక్ల ఏకాదశికి పంచాంగము చూచి ఉపవసించు మా ముసలమ్మలు ఆ గణితమునే ఆచరించుచున్నారు.