క్రీడాగురువు కోరరాని దక్షిణ

లెక్కలు చెప్పు ఉపాధ్యాయుడు నేడు పొరపడినచో రేపు దిద్దుకొనవచ్చును. ఆటలు నేర్పువాని చేతిలో నున్నది ఎదుగుచున్న బాలుని దేహము. అందు జరిగిన పొరపాటు పలకమీది వ్రాతవలె తుడుపునకు లొంగదు. అయినను పట్టణములలోని పాఠశాలలు పెక్కు ఆతని యోగ్యతను గెలిచి తెచ్చిన కప్పుల సంఖ్యనుబట్టియే నిర్ణయించుచున్నవి. ఈతడు ఎవరికి బద్ధుడు? పాఠశాల కీర్తికా, బాలుని క్షేమమునకా? ప్రశ్న చిన్నదిగా కనబడును గాని, గురుత్వమనగా నేమి యను పెద్ద ప్రశ్న దీనిలో నిమిడియున్నది.

వ్యాయామోపాధ్యాయ వృత్తి మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తినాయుడు మద్రాసు సైదాపేటలో శిక్షణ పొంది, విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడుగా నుండెను. పిదప సర్కసు స్థాపించి, ఏనుగును ఱొమ్ముపై నెక్కించుకొని చూపఱులను ఆశ్చర్యపఱచెను. ఆయన పణముగా నొడ్డినది తన ఱొమ్ము. శిక్షకుడో, ఒడ్డునది పరుని దేహము. గెలుపువలని కీర్తిలో పాలు ఆతనికి వచ్చును. దెబ్బ మాత్రము బాలునికే తగులును. ఈ వృత్తిలోని ధర్మసంకటమంతయు ఇచ్చటనే పుట్టుచున్నది.

భారతకథ చదువరు లెఱిగినదే. అర్జునుని మించిన విలుకాడు లేకుండ చేసెదనని ద్రోణుడు మాట యిచ్చెను. ఆ మాట నిలుపుకొనుటకు ఏకలవ్యుని కుడిచేతి బొటనవ్రేలు దక్షిణగా కోరెను. మాట గురువుది, వ్రేలు శిష్యునిది. భారతప్రభుత్వము 1985లో నెలకొల్పిన ఉత్తమ శిక్షకుల పురస్కారమునకు ద్రోణాచార్యుని పేరే పెట్టిరి. విద్యానైపుణ్యమునుబట్టి ఆ పేరు తగినదే. అయినను దానిని ఆశించువారు ఆ కథను సగము చదివి విడువరాదు.

నేడు వ్రేలు కోసి యిమ్మని యెవ్వరును అడుగరు. మడమ బెణికిన బాలునితో, “ఈ యొక్క పోటీ ఆడుము నాయనా, బడి పరువు నీ చేతిలో నున్నది” అందురు. పదునాలుగేండ్లవాని వయస్సు పండ్రెండని పత్రములో వ్రాయింతురు. నెలల తరబడి పాఠములు మానిపింతురు. బాలుడే యొప్పుకొనెను గదా యని సమాధానము చెప్పువారు కలరు. ఏకలవ్యుడును ఒప్పుకొనెను; వెనుదీయక యిచ్చెను. శిష్యుని భక్తి యెంత గాఢమో, అడుగుటకు గురువు అంత సంకోచింపవలెను. కాదనలేనివానినుండి పొందిన సమ్మతి సమ్మతి యనిపించుకొనదు.

కఠినశిక్షణ లేక ప్రావీణ్య మెట్లు కలుగునని కొందఱడుగుదురు. ఈ యాక్షేపణ త్రోసివేయదగినది కాదు. ఆమదాలవలస చెంత ఊసవానిపేటలో బరువులెత్తుట నేర్చిన కరణం మల్లీశ్వరి, 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో 69 కిలోల తరగతియందు మొత్తము 240 కిలోలెత్తి కాంస్యపతకము గెలిచెను. ఒలింపిక్ పతకము పొందిన తొలి భారతస్త్రీ ఆమెయే. ఇట్టిది సుఖముగా కూర్చున్నవారికి సిద్ధింపదు. పూండి, పలాసల చుట్టునున్న ఉద్దానములో ఈ మాటకు మఱింత బలము కలదు. మూత్రపిండముల వ్యాధి ఇచ్చట ఎన్నో యిండ్లలో సంపాదించువానినే మంచము పట్టించినది. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలను కూల్చినది. అట్టి యింటినుండి విశాఖపట్టణమునకు చదువ బోయిన కుఱ్ఱవానికి కబడ్డీ పొద్దుపుచ్చు వినోదము కాదు. క్రీడాకారుల కోటాలో రైల్వేయందో పోలీసుశాఖయందో దొరకు కొలువునకు త్రోవ. వానిని కష్టపెట్టకుడనుట దయ కానేరదు.

కావున కష్టమును హానినుండి వేఱుచేసి చూడవలెను. దానికొక గుఱుతు కలదు. కప్పు లేకున్నను, పత్రికలో పేరు పడకున్నను, ఈ బాలునిచే ఈ పని చేయింతునా యని శిక్షకుడు తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. వేకువజాము పరుగునకు చేయింతుననియే యుత్తరము వచ్చును. ఆ శ్రమ బాలుని కండలో సొత్తుగా నిలుచును. బెణికిన కాలితో ఆడించుటకు ఆ యుత్తరము రాదు. దాని ఫలము పాఠశాల యలమరలో నుండును, నొప్పి బాలునితో ఇంటికి పోవును. పేదవాని విషయమున ఈ వివేకము మఱింత యవసరము, ఏలనన ఆతని కాలే ఆతని పొలము.

ఈ భారమంతయు శిక్షకుని యంతరాత్మపై మోపి మనము తప్పుకొనుట న్యాయము కాదు. కప్పు రానియెడల కొలువు పోవునని భయపడువాడు ధర్మమును ఎంతకాలము పట్టుకొనగలడు? 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రతి పాఠశాలకు ఆటస్థలము ఉండవలెనని విధించెను. ఆ స్థలమున ఎవరు ఆడుదురో, ఎవరు గట్టుమీద కూర్చుందురో చూచు పని తల్లిదండ్రులది, యాజమాన్యములది. దెబ్బ తగిలిన బాలుని పోటీనుండి తప్పించు అధికారము శిక్షకునకు నిండుగా నిచ్చి, అందువలన ఓటమి కలిగినను ఆతనిని నిందింపకుండవలెను. సంవత్సరాంతమున కప్పులను లెక్కించుటకు ముందు, ఎందఱు బాలబాలికలు అవయవములు చెడక, ఆటపై ప్రీతి చావక మైదానమున మిగిలిరో లెక్కింపవలెను. వారి యారోగ్యమే గురువునకు తగిన దక్షిణ.