కార్డు పోతుందనే భయం

పెడనలో కలంకారీ అద్దకం షెడ్డుల్లో పనిచేసేవాళ్లను, "జీతం బ్యాంకులో వేయించుకోకూడదా?" అని అడిగి చూడండి. "కార్డు పోద్దండీ" అంటారు.

ఉత్త భయమని కొట్టేయలేం. 2019 చివర్లో వచ్చిన బియ్యం కార్డు నిబంధనల ప్రకారం పట్టణంలో కుటుంబ ఆదాయం నెలకు 12,000 రూపాయలు దాటకూడదు, కరెంటు 300 యూనిట్లు మించకూడదు. పెడన మున్సిపాలిటీ కాబట్టి ఈ పట్టణపు లెక్కే వర్తిస్తుంది. పింఛనుకూ, ఇళ్ల స్థలాలకూ దాదాపు ఇవే కొలతలు. మొగుడూ పెళ్లామూ ఇద్దరూ పనికెళ్లే ఇంట్లో ఆ గీత దాటడం ఎంతసేపు? అందుకే కూలి చేతికే కావాలంటారు. వాళ్లు దాచేది దొంగ సొమ్ము కాదు, సొంత కష్టార్జితం.

దీనివల్ల లాభం ఎవరికి? లెక్క రాయని యజమానికి పీఎఫ్ కట్టే పని లేదు, ఈఎస్ఐ బెడద లేదు. పైగా "నీ పేరు రాస్తే నీకే నష్టం" అని మేలు కోరేవాడిలా చెప్పొచ్చు. పేదవాణ్ణి వెతకడానికి పెట్టిన షరతు షావుకారుకు కాపలా కాస్తోంది. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

చేనేత కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన నేతన్న నేస్తం కథా అంతే. సొంత మగ్గమున్న కుటుంబానికి ఏటా 24,000 రూపాయలు ఇచ్చేవారు. 2022 ఆగస్టులో అప్పటి ముఖ్యమంత్రి పెడనకే వచ్చి ఆ ఏటి విడత విడుదల చేశారు. మంచిదే, ఆ డబ్బు ఎన్నో ఇళ్లను ఆదుకుంది. కానీ నూలిచ్చి నేయించుకునే మాస్టర్ వీవర్ షెడ్డులో కూలినేత నేసేవాడికి అది రాలేదు. ఆసు పోసే, కండెలు చుట్టే ఆడవాళ్లకు రాలేదు, అచ్చులద్దేవాళ్లకు రాలేదు. సొంత మగ్గం పెట్టుకుందామంటే అప్పు ఎవరిస్తారు? మళ్లీ ఆ మాస్టర్ వీవరే. బాకీ తీరేదాకా ఆయన చెప్పిందే మజూరీ.

ఇది మన దగ్గరే పుట్టిన చిక్కు కాదు. 1795లో ఇంగ్లండులోని స్పీన్‌హామ్‌లాండ్‌లో రొట్టె ధరను బట్టి కూలిలో తగ్గింది ఊరి నిధి నుంచి కలిపి ఇచ్చారు. తగ్గింది ఎలాగూ ఊరే ఇస్తుందని రైతులు కూలి పెంచడం మానేశారని ఆనాటి విమర్శ. ఆ పేరుతోనే 1834లో సాయానికి కోత పెట్టి, పేదల్ని వర్క్‌హౌస్‌లకు తోశారు. తప్పు కూలి ఎగ్గొట్టినవాడిది, శిక్ష కూలివాడికి. మన దగ్గర కూడా "ఉచితాలతో జనం సోమరులవుతున్నారు" అనేవాళ్లకు కొదవ లేదు. తెల్లారింది మొదలు గుంటమగ్గంలో కాళ్లాడించే మనిషిని చూసి ఆ మాట అనమనండి!

పథకాలు వద్దని నేననను. నిబంధనలు రాసే అధికారులకు నా మనవి ఒకటే. ఆదాయం గీత దాటిన నెలలోనే కార్డు తీసేయకండి, రెండు మూడేళ్లు గడువివ్వండి. సాయాన్ని మగ్గానికి కాక పనిచేసే మనిషికి ఇవ్వండి. పీఎఫ్ కట్టించుకున్నందుకు ఏ కూలివాడి కార్డూ పోదని జీవో ఇచ్చి, దాన్ని సచివాలయం గోడ మీద అంటించండి.