బడి పేరు ఎవరి సొత్తు?

చదువవలసిన వాక్యభాగము: 1 సమూయేలు 1 నుండి 4 అధ్యాయములు

ఇంటర్మీడియటు ఫలితములు వచ్చిన తరువాత శృంగవరపుకోట చుట్టుపట్ల సంఘములలో ఆరాధన ముగియగానే తల్లిదండ్రులు ఒకరినొకరు అడుగుకొను ప్రశ్న ఒకటే: బిడ్డను ఏ కాలేజికి పంపవలెను? విజయనగరము దగ్గర, విశాఖపట్టణము పెద్దది, దాటి వెళ్లగలవారికి గుంటూరు, విజయవాడ, హైదరాబాదు ఉన్నవి. ఫీజు ఎంత, హాస్టలులో భోజనము ఎట్లుండును, చదువు ముగిసిన తరువాత ఉద్యోగము దొరుకునా అని విచారింతురు. ఇవి అడుగవలసినవే. కాని కొంతసేపటికి గొంతు తగ్గించి అడుగు ప్రశ్న ఇంకొకటి యున్నది: "అక్కడేదో జరిగిందంట గదా, నిజమేనా?"

ఈ నెల మనము ఆ చిన్న ప్రశ్ననుగూర్చి ఆలోచింతము. అది వట్టి ఊరిమాట కాదు. ఒక కాలేజిలో ఒక బిడ్డకు అన్యాయము జరుగును. సంగతి బయటపడును. కాలేజికి పేరు పోవును. మరుసటి యేడు చేరువారు తగ్గుదురు. ఈ నష్టము చేసినది ఎవరు? అన్యాయము చేసినవాడా, దానిని దాచినవాడా, బయటికి చెప్పిన బిడ్డయా? మన పల్లెలలో అనేకులు మూడవవారివైపే వ్రేలు చూపుదురు. "ఆ పిల్ల నోరు మూసుకొనివుంటే ఇంత దూరం వచ్చేదా" అందురు. ఈ మాట న్యాయమేనా?

మొదట పేరు అనగా ఏమో చూతము. జామిలోనో గంట్యాడలోనో పొలము చేసికొను తండ్రి, హాస్టలు గదిలో రాత్రి పది గంటలకు ఏమి జరుగునో చూడజాలడు. ప్రిన్సిపాలుగారు ఎట్టివారో, వార్డెను ఎట్టివాడో అతడెరుగడు. అతని చేతిలో నున్నది ఆ కాలేజి పేరు మాత్రమే. ఆ పేరును నమ్మి అప్పు చేసి ఫీజు కట్టి బిడ్డను విడిచి బస్సెక్కి వచ్చును. కాబట్టి పేరు అనునది కాలేజివారి గోడమీద వ్రేలాడు అలంకారము కాదు. అది ముఖమెరుగని తల్లిదండ్రులకు వారిచ్చిన మాట. ఫిర్యాదు వచ్చినప్పుడు దానిని త్రొక్కిపెట్టి, పేరు చెడకుండ కాపాడితిమనువారు తూనికరాయి అడుగున మైనము అంటించిన వర్తకునివంటివారు. రాయి చూచుటకు బాగుగానే యుండును. మోసపోవునది రేపు సంచి పట్టుకొని వచ్చువాడు.

సమూయేలు గ్రంథము మొదటి అధ్యాయములను ఈ కన్నుతో చదివితిమా? షిలోహు ఆ దినములలో ఇశ్రాయేలీయులకందరికి పేరుగల స్థలము. ఎఫ్రాయిము మన్యములోని యొక సామాన్య కుటుంబమువారు, ఎల్కానా, హన్నా, పాలు విడిచిన తమ బిడ్డను అక్కడ అప్పగించి ఇంటికి వెళ్లిరి. ఈనాటి మాటలో చెప్పవలెనన్న, బిడ్డను హాస్టలులో చేర్చిరి. తల్లి యేటేట చిన్న అంగీ కుట్టి తెచ్చి యిచ్చెడిది. బిడ్డ ఎంత పెరిగియుండునో ఇంటిలో కూర్చుండి అంచనా వేసికొని కుట్టియుండవలెను. దూరమున చదువుకొను బిడ్డలుగల తల్లులకు ఈ సంగతి విడమరచి చెప్ప నక్కరలేదు.

అయితే హన్నా ఏ స్థలమునకు బిడ్డను పంపినది? ఏలీ కుమారులైన హొఫ్నీ, ఫీనెహాసు అక్కడ యాజకులు. వారు బలులు తెచ్చినవారియొద్ద పచ్చిమాంసమును బలవంతముగా లాగుకొనుచుండిరి. ప్రత్యక్షపు గుడారపు ద్వారమునొద్ద సేవచేయు స్త్రీలను చెరుపుచుండిరి. జనులకందరికి తెలిసినది, ఏలీకిని తెలిసినది. అతడు వృద్ధుడు, స్వయముగా దుష్టుడు కాడు. కుమారులను పిలిచి మందలించెను. అంతటితో ఊరకుండెను. వారిని ఆ పనినుండి తీసివేయలేదు. ఆ స్త్రీలను పిలిచి ఏమి జరిగినదని విచారించినట్లు వ్రాయబడలేదు.

దాని ఫలమేమి? జనులు నైవేద్యము తెచ్చుటకే అసహ్యించుకొనిరని రెండవ అధ్యాయములో నున్నది. నేటి పత్రికలో దరఖాస్తులు తగ్గినవని వ్రాయుదురే, అది ఇదియే. గమనింపుడి: పేరు పోగొట్టినది ఆ స్త్రీలు కారు. మాంసము విషయమై ఎదురుచెప్పిన ఆ సామాన్యుడును కాడు. షిలోహు పేరు లోపలనుండి ఎన్నడో పోయినది. జనులు రాకుండుట దాని వెలుపలి గుర్తు మాత్రమే. చాల కాలము తరువాత యిర్మీయా ప్రవక్త యెరూషలేము దేవాలయపు పేరుమీద ఆనుకొనియున్నవారిని షిలోహు వెళ్లి చూచి రమ్మని పలికెను. పేరే తమ్మును కాపాడునని నమ్మినవారికి అతడు చూపినది ఒక పాడుదిబ్బను.

మన రాష్ట్రమునకు వత్తము. 2009 మార్చిలో హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా దగ్గర నొక వైద్య విద్యార్థి, పై తరగతివారు కొట్టిన దెబ్బలకు మరణించెను. ఆ నెలలోనే మన బాపట్ల వ్యవసాయ ఇంజనీరింగు కాలేజిలో ర్యాగింగు అవమానము భరింపలేక ఒక విద్యార్థిని ఆత్మహత్యకు ప్రయత్నించెను. సుప్రీంకోర్టు ఈ సంగతులను చేపట్టగా, ఆ యేడే విశ్వవిద్యాలయములకన్నిటికి ర్యాగింగు నిషేధ నిబంధనలు వచ్చినవి. అయినను 2015 జూలైలో గుంటూరు సమీపమున ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయపు హాస్టలులో ఆర్కిటెక్చరు మొదటి సంవత్సరపు విద్యార్థిని యొకతె ప్రాణము తీసికొనినది. తనకు కలిగిన వేధింపును ఆమె కాగితముమీద వ్రాసియుంచినది. రాష్ట్రమంతయు కదలినది. ప్రభుత్వము విశ్రాంత ఐ.ఏ.ఎస్. అధికారి బాలసుబ్రహ్మణ్యముగారి అధ్యక్షతను విచారణ సంఘము నేర్పరచగా, అది కాలేజి నడిపినవారి అలక్ష్యమును తప్పుపట్టినది. నేర విచారణ మాత్రము తొమ్మిది సంవత్సరములు సాగి, 2024లో గుంటూరు న్యాయస్థానము సాక్ష్యము చాలదని నిందితులను విడిచిపెట్టినది. న్యాయస్థానము విడిచినవారిని మనము దోషులనరాదు. కాని మనమడుగు ప్రశ్న వేరు: ఒక బిడ్డ తన బాధను బ్రతికియుండగా చెప్పుకొని ఫలము పొందగల చోటు ఆ ప్రాంగణములో ఎందుకు లేకపోయినది?

చట్టము లేక కాదు. 1997లోనే ఆంధ్రప్రదేశ్ ర్యాగింగు నిషేధ చట్టము వచ్చినది. క్రొత్త విద్యార్థిని ఎగతాళిచేసి అవమానించినందుకే ఆరు నెలలవరకు ఖైదు విధింపవచ్చును. ఆ చట్టములో మన పల్లెలవారికి తెలియని మాట యొకటి యున్నది: ఫిర్యాదు అందిన తరువాత విద్యాలయపు అధిపతి చర్య తీసికొనక ఉపేక్షించినయెడల, అతడును ఆ నేరమునకు తోడ్పడినవాడుగానే ఎంచబడును. 2012లో బాలబాలికల రక్షణకు వచ్చిన పోక్సో చట్టము ఇంకను స్పష్టము. పదునెనిమిది యేండ్లలోపు బిడ్డపై లైంగిక దౌర్జన్యము జరిగినదని తెలిసినవారెవరైనను పోలీసులకు తెలుపవలెను. సంస్థాధిపతి తన క్రింది ఉద్యోగి నేరమును దాచినయెడల ఒక సంవత్సరమువరకు ఖైదు. ఏలీ చేసిన మందలింపు మన చట్టము ఎదుట చాలదన్నమాట.

సముద్రము అవతల జరిగినది కూడ చూడదగినది. అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయము ఫుట్‌బాలు ఆటకు గొప్ప పేరుగలది. జెర్రీ శాండస్కీ యను శిక్షకుడు బాలురను చెరుపుచున్నాడని 1998లో ఒక తల్లి ఫిర్యాదు చేసినది. 2001లో ఒక సహాయకుడు కన్నులార చూచి పెద్దలకు చెప్పెను. 2011 నవంబరులో గాని అతడు పట్టుబడలేదు. 2012లో నలుబది అయిదు నేరములు రుజువై, ముప్పదినుండి అరువది యేండ్ల శిక్ష పడినది. ఆ సంవత్సరమే లూయీ ఫ్రీ యను విచారణాధికారి తన నివేదికలో, చెడ్డపేరు వచ్చునను భయముచేత పెద్దలు సంగతిని మరుగుపరచిరని తేల్చెను. అధ్యక్షుడుగా నుండిన గ్రాహం స్పానియర్ సయితము చెరసాల చూచెను. బాధితులకు విశ్వవిద్యాలయము చెల్లించినది పదికోట్ల డాలర్లకు మించినది. చెడ్డపేరు ఆగినదా? ఆగిన సంవత్సరములలో బలియైన పిల్లలు మాత్రము పెరిగిరి.

2016లో హార్వర్డు పండితులు కొందరు ఆ దేశపు నూరు ప్రసిద్ధ విశ్వవిద్యాలయములలో 2001 నుండి 2013 వరకు బయటపడిన 124 అపవాదములను లెక్కించి చూచిరి. పెద్ద పత్రికలో విపులమైన వ్యాసము వచ్చినచోట మరుసటి సంవత్సరము దరఖాస్తులు సుమారు నూటికి పది తగ్గినవట. యాజమాన్యములవారు దీనిని చూచి, అందుకే దాచవలెనందురు కాబోలు. కాని ఆ లెక్కలోనే వారికి రుచింపని సంగతి మరియొకటి యున్నది: ఒకసారి బయటపడిన చోట తరువాతి సంవత్సరములలో మరల అట్టివి జరుగుట తగ్గినది.

ఇక్కడ తల్లిదండ్రులమైన మన వంతు వచ్చును. ఏమియు జరుగలేదను కాలేజిని మనము వెదకుచున్నాము. వేలమంది యౌవనస్థులు ఒకచోట నివసించు స్థలములో ఎన్నడును ఏమియు జరుగలేదనిన, ఒకటి అది పరలోకమైయుండవలెను, లేదా అక్కడ నోళ్లు కట్టబడియుండవలెను. ఒక కాలేజివారు ఫిర్యాదు వినిరి, పోలీసులకు తెలిపిరి, దోషిని వెళ్లగొట్టిరి, అందుచేత పత్రికకెక్కిరి. వేరొక కాలేజివారు బిడ్డ తండ్రిని పిలిచి నచ్చజెప్పి, టీసీ చేతికిచ్చి పంపివేసిరి. పత్రికలో ఏమియు రాలేదు. మనము మొదటి దానిని విడిచి రెండవ దానిలో ఫీజు కట్టుచున్నాము. దాచినవానికి మనమే బహుమాన మిచ్చుచున్నాము గదా! మరుసటి యేడు మొదటి కాలేజివారు సహితము దాచుటయే మేలని నేర్చుకొందురు.

అపనింద లుండవా అని యడుగుదురు. ఉండును, యోసేపు చెరసాలకు వెళ్లినది అపనిందచేతనే. కాని యోసేపు మాట వినినవారెవరు? నిందయు విచారణ లేకయే శిక్ష అయినది. సరియైన విచారణ నిర్దోషికిని కావలసినదే.

మన సంఘములవారికి ఇందులో ప్రత్యేకమైన శోధన యున్నది. మిషనువారి కాలమునుండి మనకు బడులు, బోర్డింగులు ఉన్నవి. అట్టిచోట తప్పు జరిగినప్పుడు, బయటికి తెలిసిన దేవుని నామమునకే దూషణ అని పెద్దలు నోరు మూయింతురు. భక్తితోనే అందురు, నిజమే. అయితే దావీదు పేరు కాపాడవలెనని గ్రంథకర్త తలంచియుండిన రెండవ సమూయేలు పదకొండవ అధ్యాయము మనకు ఉండెడిదే కాదు. దానికి రెండధ్యాయముల తరువాత తామారు సంగతి వచ్చును. చెరుపబడిన చెల్లెలితో, వాడు నీ అన్న గనుక ఊరకుండుమని అబ్షాలోము చెప్పెను. దావీదు కోపపడెను గాని ఏమియు చేయలేదు. ఆమె అన్న యింట దిక్కులేనిదై యుండిపోయినది. రాజకుటుంబపు పరువు నిలిచినదా అనిన, రెండేండ్లకు అన్న తమ్ములలో హత్యయు, అటుతరువాత తండ్రిమీద తిరుగుబాటును వచ్చినవి. పరిశుద్ధ గ్రంథము దీనినంతయు దాపరికము లేక మన బిడ్డల చేతికిచ్చుచుండగా, మన బోర్డింగు సంగతి దాచుమని దేవుడు మనకు ఎప్పుడు చెప్పెను?

మరియొక నష్టము యున్నది. దానిని ఏ పండితుడును లెక్కించినట్లు మేము చూడలేదు. ఎక్కడనో గుంటూరులోనో విశాఖలోనో అపవాదు లేచును. ఇక్కడ కొండవార పల్లెలో ఒక ఆడపిల్ల చదువు ఆగును. "ఆడపిల్లని అంత దూరం పంపి యేటి సాధిస్తావు, పెళ్లి చేసీ" అని ఇంటి పెద్దలందురు. ఆ మాటలో ప్రేమ లేదని మేమనము. కాని తప్పు చేసినది ఎవరో, చదువు పోగొట్టుకొనినది ఎవరో చూడుడి. మగపిల్లవానిని ర్యాగింగు చేయకుమని కూర్చుండబెట్టి చెప్పిన యిల్లు మన సంఘములలో ఎన్ని? పుస్తకములు కట్టిపెట్టవలసినది మాత్రము చెల్లెలు. కాలేజిలో చేరనివ్వకుండుట ఆమెకు రక్షణయని చెప్పి తృప్తిపడుచున్నాము.

పేరు చెడిన కాలేజిలో ఇప్పటికే చదువుచున్నవారి సంగతియు అట్టిదే. పట్టా చూపగానే, ఓహో ఆ కాలేజియా అని నవ్వువారుందురు. ఆ నవ్వు నిర్దోషులపై పడుచున్నది. దాచినవారు దోచుకొనినది వీరి పేరునే.

అట్లయిన, ఏదో జరిగినదని వినిన కాలేజికి బిడ్డను పంపవచ్చునా అని మమ్మును అడిగినయెడల మేము చెప్పునది ఇది. వెళ్లుడి, చేర్చుకొనుటకు ముందు ప్రిన్సిపాలుగారిని ఎదుటనే అడుగుడి. జరిగినది గదా, అటుతరువాత ఏమి చేసితిరి? ఫిర్యాదు ఎవరికి ఇయ్యవలెను, ఆ సంఘములో నున్నవారెవరు, వారిలో స్త్రీలెందరు? ర్యాగింగు చేయనని బిడ్డయు తండ్రియు సంతకము చేయు ప్రమాణపత్రము ఏది? తేదీలతో, పేర్లతో జవాబు వచ్చినయెడల చేర్చవచ్చును. మా కాలేజిలో అట్టివి ఉండవండీ అని మందహాసము చేసి పంపివేసినయెడల, పత్రికలో ఎన్నడును పేరు రాని కాలేజియైనను ఆలోచింపుడి. చదువురాని తల్లిదండ్రులు బెదరుదురు గనుక సంఘపు పెద్దయో ఉపాధ్యాయుడో వెంట వెళ్లుట మంచిది. బస్సు చార్జీ సంఘపు పెట్టెనుండి ఇచ్చినను తప్పులేదు.

బిడ్డతో చెప్పవలసినది కూడ యున్నది. ఏలీ ఆ ఉదయము సమూయేలును పిలిచి, ఒక్క మాటయు దాచకుమని గట్టిగా అడిగెను. బాలుడు చెప్పుటకు భయపడియుండెను, అడిగినందున చెప్పగలిగెను. కఠినమైన ఆ మాటలను వినిన ముసలివాడు బాలునిపై కోపపడలేదు. ఏలీ జీవితములో అదొక్కటి మనము నేర్చుకొనదగిన పని. కాబట్టి ఫోను చేసినప్పుడు తిన్నావా, పరీక్ష ఎట్లు వ్రాసితివి అని మాత్రమే కాక, నిన్నెవరైన బాధపెట్టుచున్నారా అని కూడ అడుగుడి. ఏమి చెప్పినను చదువు మానిపించమని ముందుగానే మాట యియ్యుడి. ఆ భయముచేతనే అనేకులు చెప్పరు. ర్యాగింగునకు 1800-180-5522, పదునెనిమిదేండ్లలోపు వారికి 1098. ఈ రెండు సంఖ్యలను కాగితముమీద వ్రాసి, పెట్టె అడుగున గాక, బిడ్డ చేతిసంచిలో పెట్టి పంపుడి.