ప్రధానం, పునరావృత్తి, పండుగ ఇల్లు

క్రిస్మస్ ప్రేమకథ అన్నది ఆంగ్ల నవలా ప్రచురణలోనూ, అంతకంటె ఎక్కువగా అమెరికా టెలివిజన్‌లోనూ స్థిరపడిన ఒక కథాశాఖ. నగరంలో ఉద్యోగంతో ఊపిరి సలపని యువతి డిసెంబరులో సొంతూరికి రావడం, మంచు కురిసి దారులు మూసుకుపోవడం వల్లనో, ఊరి వేడుకల ఏర్పాట్ల వల్లనో మొదట పొసగని ఒక యువకుడితో కలిసి పనిచేయవలసి రావడం, నాయనమ్మ నాటి వంటకమో చెట్టుకు వేలాడదీసే పాత బొమ్మో సాకుగా ఇద్దరి మనసులూ కలవడం, పండుగ నాటికి పెళ్లి మాట ఖాయం కావడం దీని సాధారణ నిర్మాణం. 1910లో కాన్సాస్ సిటీలో పోస్టుకార్డుల వ్యాపారంగా పుట్టిన హాల్‌మార్క్ సంస్థ, 2009 నుంచి తన టెలివిజన్ చానల్‌లో ఏటా పండుగకు ముందు వారాల తరబడి ఇటువంటి చిత్రాలను వరుసగా ప్రసారం చేస్తూ వచ్చింది. ముగింపు ముందే తెలిసిన కథను ప్రేక్షకులు ఏటా మళ్లీ కోరుకోవడాన్ని విమర్శకులు చవక భావుకతగా తీసిపారేయడం పరిపాటి. అయితే దీని అడుగున మతతత్త్వానికి సంబంధించిన గట్టి ప్రశ్న ఒకటి ఉంది. దేవుడు మానవ శరీరం ధరించి చరిత్రలోకి వచ్చాడన్న విశ్వాసాన్ని, అంటే క్రైస్తవ వేదాంతులు మనుష్యావతారం అని పిలిచే సిద్ధాంతాన్ని, ప్రకటించే పండుగ కుటుంబపు ఆనందంగా మారినప్పుడు, ఆ ఆనందం సిద్ధాంతానికి అనుభవరూపమా, లేక దాని స్థానాన్ని ఆక్రమించిన మరొక దేవతా?

ఈ ప్రశ్నను పరిశీలించడానికి లూకా సువార్త రెండో అధ్యాయం వద్దకు వెళ్లడం అవసరం. ఎందుకంటే క్రిస్మస్ ప్రేమకథలోని సరుకంతా, ఒక్క మంచు తప్ప, అక్కడే ఉంది. జనసంఖ్య నమోదు కోసం యోసేపు తన పూర్వికుల ఊరైన బేత్లెహేముకు వెళ్లడం ఒక విధంగా సొంతూరి ప్రయాణమే. అతని వెంట ఉన్న మరియను తెలుగు బైబిలు అతనికి ప్రధానం చేయబడిన స్త్రీగా పేర్కొంటుంది. ప్రధానం అన్న మాట తెలుగునాట పెళ్లికి ముందు ఇరుపక్షాలవారూ మాట ఇచ్చిపుచ్చుకునే క్రతువుకు పేరు. ప్రధానపు ఉంగరం అన్న పలుకుబడిలో అది నేటికీ బతికే ఉంది. యూదుల ఆచారంలో ఈ మాట ఇంకా బరువైనది. ప్రధానం జరిగిన జంట కాపురం మొదలుపెట్టకపోయినా చట్టం దృష్టిలో భార్యాభర్తలే. ఆ బంధం తెగాలంటే విడాకుల పత్రం కావలసిందే.

వారికి చోటు దొరకని తావును తెలుగు అనువాదకులు సత్రం అన్నారు. గ్రీకు మూలంలో ఉన్నది కటాలుమా అన్న పదం. ఇదే పదం ఇరవై రెండో అధ్యాయంలో, యేసు చివరి పస్కా భోజనానికి గదిని అడిగిన సందర్భంలో మళ్లీ వస్తుంది. అక్కడ తెలుగు బైబిలు దాన్ని విడిది గది అంటుంది. దారిదోపిడికి గురైన బాటసారిని మంచి సమరయుడు చేర్చిన బసకు లూకా వాడినది పూర్తిగా వేరే పదం. తెలుగులో అది పూటకూళ్లవాని ఇల్లు అయింది. ఒకే గ్రీకు పదం ఒకచోట సత్రంగా, మరొకచోట విడిది గదిగా మారడాన్ని గమనించిన పాఠకుడికి, బేత్లెహేములో కథ సాగింది కర్కశుడైన సత్రపు యజమాని గుమ్మంలో కాకపోవచ్చునని, బంధువులతో కిక్కిరిసిన ఇంటిలో అతిథుల గది నిండిపోగా పశువులుండే భాగంలో తల్లికి చోటిచ్చి ఉండవచ్చునని తోచకమానదు. బైబిలు పండితులలో పలువురు ఈ అర్థం వైపే మొగ్గారు. పిల్లలు వేసే క్రిస్మస్ నాటికలలో తప్పక కనిపించే సత్రపు యజమాని అసలు లూకా కథలో లేనే లేడు. పండుగకు నిండిపోయిన ఇల్లు, అందులో ఇరుక్కుని సర్దుకున్న కొత్త జంట అన్న దృశ్యం ప్రేమకథారచయితల కల్పన కాదని, మూలానికి వారు అనుకోకుండానే దగ్గరగా వచ్చారని ఒప్పుకోవలసి ఉంటుంది.

అలాగని కుటుంబ క్రిస్మస్ సనాతనమైనదని భ్రమపడనవసరం లేదు. పదిహేడో శతాబ్దిలో ఆంగ్ల ప్యూరిటన్లు, అంటే వేదగ్రంథంలో ఆజ్ఞ లేని ఆచారాలన్నిటినీ చర్చి నుంచి తొలగించాలని పట్టుబట్టిన సంస్కరణవాదులు, ఈ పండుగను అన్యమత శేషంగానూ తాగుబోతుల సంబరంగానూ చూశారు. 1647లో ఆంగ్ల పార్లమెంటు దీన్ని రద్దు చేస్తే ఆ డిసెంబరులో కాంటర్‌బరీ పట్టణంలో జనం తిరగబడ్డారు. మసాచుసెట్స్ వలసలో 1659 నుంచి 1681 వరకు క్రిస్మస్ పాటించినవారికి ఐదు షిల్లింగుల జరిమానా ఉండేది. స్కాట్లండులో ఇది ప్రభుత్వ సెలవుదినం అయింది 1958లో మాత్రమే. ఇంటి పొయ్యి చుట్టూ చేరే క్రిస్మస్‌ను సాహిత్యంలో నిలబెట్టిన అమెరికన్ రచయిత వాషింగ్టన్ ఇర్వింగ్, 1820 ప్రాంతంలో ప్రకటించిన తన వ్యాసకథలలో చిత్రించిన ఆంగ్ల భూస్వామి స్వయంగా పాత గ్రంథాలు తిరగేసి మరుగునపడిన ఆచారాలను ఏరి తెచ్చి ఇంట్లో జరిపించే మనిషి; అంటే సంప్రదాయపు ఆదికథలోనే సంప్రదాయం పుస్తకాల నుంచి తిరిగి కట్టిన కట్టడంగా కనిపిస్తుంది. ఎరిక్ హాబ్స్‌బామ్, టెరెన్స్ రేంజర్ 1983లో సంపాదకత్వం వహించిన వ్యాససంపుటి తరువాత ఇటువంటి వాటిని కల్పిత సంప్రదాయాలు అనడం చరిత్రకారులకు అలవాటయింది. ఆ పేరు సమంజసమే గాని, దాన్ని తీర్పుగా వాడేవారు ఒక పొరపాటు చేస్తున్నారు: ఆచారం ఎప్పుడు పుట్టిందన్నది చరిత్ర ప్రశ్న, అది దేనిని మోస్తున్నదన్నది వేరే ప్రశ్న. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చికి ఏటా పండుగనాడు తరలివెళ్లే జనసందోహానిదీ, గుమ్మానికి కాగితపు నక్షత్రం కట్టి, అరిసెలు వండి, డిసెంబరు పొడవునా సెమీ క్రిస్మస్ కూడికలు జరుపుకునే తెలుగు క్రైస్తవ గృహాలదీ పొట్టి చరిత్రే. సంక్రాంతికి వండే అరిసెలే నెల ముందు మరొక పండుగ పళ్లెంలోకి చేరడం వల్ల ఆ పండుగ కల్తీ కాలేదు.

కుటుంబ వేడుకకు మతసత్యంతో గల సంబంధాన్ని నేరుగా విచారించిన గ్రంథం ఒకటి ఉంది. విశేషమేమిటంటే అదీ కథే. జర్మన్ వేదాంతి ఫ్రెడ్రిక్ ష్లైయర్‌మాకర్ 1806 ఆరంభంలో హాలే పట్టణంలో వెలువరించిన క్రిస్మస్ సంభాషణలో ఒక మధ్యతరగతి ఇంటి హాలు, కానుకలు సర్దిన బల్లలు, పాడే బాలిక సోఫీ, ఆమె తల్లి ఎర్నెస్టీన, తండ్రి ఎడ్వర్డ్, బంధుమిత్రులు, వారి మధ్య ఎర్న్‌స్ట్, ఫ్రీడెరీక అనే ప్రధానం జరిగిన జంట కనిపిస్తారు. స్త్రీలు తాము ఎరిగిన పాత క్రిస్మస్‌ల కథలు చెబుతారు. తరువాత పురుషులు వంతులవారీగా పండుగ అర్థం గురించి ప్రసంగిస్తారు. వారిలో సంశయవాది అయిన లియోన్‌హార్ట్ వాదం ఇప్పటికీ పదును కోల్పోలేదు. క్రీస్తు జననాన్ని గురించిన చారిత్రక ఆధారాలు పలచనివనీ, ఆ స్మృతిని శతాబ్దాలుగా బతికించినది గ్రంథాలకంటె పండుగేననీ, చిన్న పిల్లలకు సైతం అందే క్రతువుకు ఉన్న శక్తి సిద్ధాంతానికి లేదనీ అతని అభిప్రాయం. ఇది పొగడ్తగా కనిపించే ఎత్తిపొడుపు. పండుగ విశ్వాసాన్ని పుట్టించిందంటే విశ్వాసానికి వేరే పునాది లేదన్నమాట. ఎర్న్‌స్ట్ దీనికి జవాబుగా వాదాన్ని తలకిందులు చేస్తాడు: ఆనందం అంత సార్వత్రికంగా, అంత అప్రయత్నంగా ఏటా పొంగుతున్నదంటే దానికి తగిన కారణం ఉండి తీరాలనీ, ఆ కారణమే విమోచకుడనీ అతడంటాడు. తర్కం దృష్టితో చూస్తే ఈ జవాబు బలహీనం. మనిషి సంతోషించినంత మాత్రాన అతని సంతోషానికి కారణమైన వస్తువు ఉన్నట్టు రుజువు కాదు. చివరకు ఆలస్యంగా వచ్చిన యోసెఫ్ అనే మిత్రుడు ప్రసంగించడానికి నిరాకరించి, ఈ రాత్రి తన ఆనందానికి మాటలు లేవని, పాడుదాం రమ్మని అందరినీ పిలుస్తాడు.

ఇరవయ్యో శతాబ్దిలో స్విస్ వేదాంతి కార్ల్ బార్ట్ ఈ గ్రంథాన్ని కఠినంగా విమర్శించాడు. దేవుని వాక్కు ఉండవలసిన చోట సంగీతమూ మాతృత్వపు మాధుర్యమూ వచ్చి కూర్చున్నాయని, మానవుడు తన అనుభూతినే ఆరాధిస్తున్నాడని ఆయన ఆక్షేపణ. హాల్‌మార్క్ చిత్రాలను చూసే అవకాశం బార్ట్‌కు కలిగి ఉంటే తన మాట నిజమైందని అనుకునేవాడేమో. ఆక్షేపణలో న్యాయం ఉన్నా అది గురి తప్పింది. తప్పు ఆనందంలో లేదు, అది తిరిగి తిరిగి రావడంలోనూ లేదు.

తిరిగి రావడమన్నదే ఇక్కడ కీలకం. డెన్మార్క్ తత్త్వవేత్త సోరెన్ కీర్కెగార్డ్ రెజీన ఓల్సెన్‌తో జరిగిన ప్రధానాన్ని 1841లో తానే రద్దు చేసుకొని, 1843 అక్టోబరులో పునరావృత్తి గురించి మారుపేరుతో ఒక చిన్న పుస్తకం ప్రకటించాడు. అందులో కథకుడు తన పాత బెర్లిన్ ప్రయాణాన్ని అచ్చంగా మళ్లీ జరిపించాలని అదే బసకు, అదే నాటకశాలకు వెళ్లి విఫలుడై తిరిగి వస్తాడు. కీర్కెగార్డ్ దృష్టిలో జరిగిపోయినదాన్ని వెనక్కి తిరిగి తలచుకోవడం స్మరణ. ఇచ్చిన మాటను ప్రతిరోజూ కొత్తగా నిలుపుకుంటూ ముందుకు సాగడం పునరావృత్తి. మొదటిదానికి వస్తువులూ స్థలాలూ చాలు, రెండోదానికి మనిషి తననే పణంగా పెట్టాలి. నాయనమ్మ పద్ధతిలోనే కేకు చేసినంతలో పండుగ తిరిగి వచ్చిందనుకునే కుటుంబం స్మరణ దగ్గరే ఆగిపోయినట్టు. నాయనమ్మ ఆ కేకును ఎవరెవరికి పంచేదో వారికి పంచడం మొదలుపెడితే అది పునరావృత్తి.

అదే 1843లో డిసెంబరు 19న లండన్‌లో చార్లెస్ డికెన్స్ క్రిస్మస్ కథ వెలువడి, ఆరు వేల ప్రతుల తొలి ముద్రణ పండుగ ముందు రోజుకే అమ్ముడుపోయింది. దయ్యాల కథగా, దానగుణపు కథగా అందరూ ఎరిగిన ఆ పుస్తకం నడుమ ఒక ప్రేమకథ తునక ఉంది. కథానాయకుడైన పిసినారి స్క్రూజ్‌కు యౌవనంలో బెల్ అనే యువతితో ప్రధానం జరుగుతుంది. అతని మనసులో తన స్థానాన్ని ధనం ఆక్రమించిందని గ్రహించి ఆమె ఆ మాట నుంచి అతణ్ని విడుదల చేసి వెళ్లిపోతుంది. ముసలి స్క్రూజ్ మారిన మనిషైన తరువాత కూడా డికెన్స్ ఆమెను తిరిగి తీసుకురాడు. పోయినది పోయింది, మార్పు ఫలితం గుమాస్తా ఇంటికి, మేనల్లుడి విందు బల్లకు, వీధిలో చందా అడిగినవారికి చేరుతుంది. నేటి క్రిస్మస్ ప్రేమకథ అయితే బెల్‌ను విధవను చేసి, ఆ ఊరిలోనే మిఠాయి దుకాణం పెట్టించి, పండుగ రాత్రికి గుమ్మంలో నిలబెట్టేది. 1905లో ఓ. హెన్రీ రాసిన కానుకల కథలో భార్య డెలా జుట్టు అమ్మి గడియారానికి గొలుసు, భర్త జిమ్ గడియారం అమ్మి జుట్టుకు దువ్వెనలు కొంటారు. రెండు కానుకలూ అక్కరకు రావు. అయినా ఆ కథను క్రిస్మస్ కథ చేసినది ఆ నష్టమే. పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో క్రీస్తు తనను తాను రిక్తం చేసుకోవడం, అంటే తన ఆధిక్యాన్ని తానే ఖాళీ చేసుకోవడం, అనే భావం మనుష్యావతారానికి కేంద్రం; డెలా, జిమ్ దాన్ని ఇద్దరి స్థాయిలో ఆచరించారు.

మత్తయి సువార్తలోని యోసేపు ఈ వెలుగులో చూడదగినవాడు. కాపురం మొదలుకాకముందే మరియ గర్భవతి అని తెలిసినప్పుడు, ప్రధానం తెంచుకోవడానికి అతనికి చట్టమూ, లోకం ఒప్పుకునే కారణమూ రెండూ ఉన్నాయి. రహస్యంగా తెంచుకోవాలనే అనుకున్నాడు. కలలో దేవదూత చెప్పిన తరువాత మనసు మార్చుకొని, నీతిమంతుడన్న పేరు పోయినా సరేనని మాట నిలుపుకున్నాడు. సొంతూరు, నిండిన ఇల్లు, అనుకోని అతిథి, ఇచ్చిన మాట అనే నాలుగింటిలో మొదటి మూడింటినీ క్రిస్మస్ ప్రేమకథ భద్రంగా కాపాడుకుంది. నాలుగోదానికి మాత్రం ధర తీసేసింది: నగరపు ఉద్యోగం వదిలినా బాధ లేదు, పాత ప్రియుడు ముందే అయోగ్యుడని తేలిపోతాడు, వచ్చిన అతిథి ఇంటివారి కులాసాను ఏ మాత్రం కదిలించడు. బార్ట్ వేలు పెట్టి చూపవలసింది ఇక్కడ. సువార్తలోని కుటుంబం బేత్లెహేములో స్థిరపడలేదు. హేరోదు రాజుకు భయపడి రాత్రికి రాత్రి ఐగుప్తుకు పారిపోయింది. కాపురం అక్కడ కథకు ముగింపు కాదు, మధ్యలో దొరికిన మజిలీ.

అందువల్ల ఈ కథాశాఖపై చెప్పదగిన తీర్పు ఇది: దానిలోని ఊహించదగిన ముగింపు లోపం కాదు, ఆగమన కాలంలో అంటే క్రిస్మస్‌కు ముందు వచ్చే నిరీక్షణ వారాలలో చర్చి చదివే పాఠాల ముగింపూ అందరికీ తెలిసినదే, లోపం ఆ ముగింపుకు ఎవరూ ఏమీ చెల్లించకపోవడం.

ష్లైయర్‌మాకర్ విషయంలో ఈ చెల్లింపు పుస్తకం బయట జరిగింది. బెర్లిన్‌లో ఒక పాస్టరు భార్య అయిన ఎలియనోర గ్రూనో దుఃఖకరమైన తన వివాహం నుంచి విడివడి తనను పెళ్లాడుతుందని ఆయన ఏళ్ల తరబడి ఎదురుచూశాడు. 1805 శరత్కాలంలో ఆమె భర్త దగ్గరే ఉండిపోవాలని నిశ్చయించుకుంది. తల్లీ, తండ్రీ, పాడే కూతురూ, ప్రధానం జరిగిన జంటా నిండిన ఆ క్రిస్మస్ ఇంటిని ఆయన రాసినది ఆ డిసెంబరులోనే. అచ్చయిన తొమ్మిది నెలలకు, 1806 అక్టోబరులో నెపోలియన్ సేనలు హాలేను ఆక్రమించి విశ్వవిద్యాలయాన్ని మూసివేశాయి. ఆయనకు పెళ్లయింది 1809లో.